డ్రైవర్ సీటు నుంచి

ఇంబోలో ఎంబ్వే రాసిన నవల ‘బిహోల్డ్ ది డ్రీమర్స్’ చదవడం ఈరోజు పూర్తయింది. సెలవు రోజు. పొద్దున కూరగాయలు తేవడం, ఇస్త్రీకి బట్టలిచ్చి రావడం, వంట, అంతే. భోజనం అయ్యాక పుస్తకం పట్టుకుంటే సాయంత్రం దాకా లేవలేదు.

కథ 2007లో, న్యూయార్క్‌లో మొదలవుతుంది. కామెరూన్‌లోని లింబే నుంచి వచ్చిన జెండే జోంగా, లేమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్న క్లార్క్ ఎడ్వర్డ్స్ దగ్గర డ్రైవర్‌గా చేరతాడు. ఏడాదికి 35 వేల డాలర్లు. అంత జీతం అతను ఎప్పుడూ కళ్లజూడలేదు. భార్య నేని ఫార్మసిస్ట్ కావాలని చదువుకుంటోంది. హార్లెంలో ఇరుకు ఇల్లు, చిన్న కొడుకు, ఎప్పటికి తేలుతుందో తెలియని ఆశ్రయం దరఖాస్తు.

నన్ను కదలనివ్వనిది ఆ కారు. వెనక సీట్లో క్లార్క్ కంపెనీ కష్టాల గురించి ఫోన్‌లో మాట్లాడుతుంటాడు. ముందు సీట్లో జెండేకు అన్నీ వినబడుతూనే ఉంటాయి, విననట్టు ఉండటమే అతని ఉద్యోగం. తర్వాత క్లార్క్ భార్య సిండీ ఒక నోటుబుక్కు ఇచ్చి, ఆయన ఎక్కడెక్కడికి వెళ్తున్నాడో రాయమంటుంది. నిజం రాస్తే ఆయనకు కోపం, దాస్తే ఆవిడకు కోపం. ఎటుపోయినా ఊడేది డ్రైవర్ ఉద్యోగమే. ఊడింది కూడా.

2008 సెప్టెంబర్ 15న లేమన్ దివాలా తీసింది. క్లార్క్‌కు ఇంకోచోట ఉద్యోగం దొరికింది. జెండే హోటళ్లలో గిన్నెలు కడిగి నడుము పాడుచేసుకున్నాడు. రచయిత్రి క్లార్క్‌ను రాక్షసుణ్ణి చేయలేదు. సిండీ కూడా లేమిలో పెరిగిన మనిషే, ఆమె చావు చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. కానీ కాగితాలు లేనివాడికి మంచి రోజుల కోసం ఓపిక పట్టే గడువు కూడా ఉండదు. అది చదువుతుంటే కోపం ఆగలేదు.

అంతస్తుల తేడా జెండేకు అమెరికాలో కొత్తగా ఎదురైంది కాదు. నేని కడుపుతో ఉందని తెలిసి లింబేలో ఆమె తండ్రే అతణ్ణి జైల్లో పెట్టించాడు. డబ్బూ పేరూ లేనివాడికి పిల్లనివ్వనన్నాడు. వలస కథ విమానం ఎక్కడంతో మొదలవుతుందనుకునేవాళ్లు ఈ నవల చదవాలి.

సాయంత్రం జగిత్యాలకు ఫోన్ చేశాను. చిన్నాయన రియాద్‌లో చాలా ఏళ్లు హౌస్ డ్రైవర్‌గా చేసి వచ్చాడు. అప్పట్లో అక్కడ ఆడవాళ్లు బండి నడపడానికి వీల్లేదు, 2018లో గానీ ఒప్పుకోలేదు. పిల్లల్ని బడిలో దింపడం, ఆడవాళ్లను బజారుకు తీసుకెళ్లడం, అర్ధరాత్రి పిలిచినా లేవడం. పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, బీరువాలో. నోటుబుక్కు ముచ్చట చెప్పగానే అందుకున్నాడు.

“మా కఫీల్ కొడుకు ఏడికి పోయిండో వాళ్లమ్మ నన్నే అడుగుతుండె బిడ్డా. అరబ్బీ సమజ్ కానట్టు నిలబడుతుంటి. చెప్తె కొడుకు పంపిస్తడు, చెప్పకపోతె తల్లి పంపిస్తది. ఇంటికాడ అప్పు అట్లనే ఉండె.”

మిగతా కథ కూడా చెప్పాను. జెండే ఇంటికి పోదామంటాడు, నేని ససేమిరా అంటుంది. ఉండిపోవడానికి ఆమె చేయని ప్రయత్నం లేదు. సిండీని ఫొటోతో బెదిరించి డబ్బు కూడా తెచ్చింది. అది తప్పే, అయినా ఆ పేజీల్లో నేను నేని పక్షానే ఉన్నాను. మాటామాటా పెరిగి జెండే ఆమె మీద చెయ్యి చేసుకుంటాడు. చివరికి అందరూ లింబే చేరతారు. తెచ్చుకున్న డాలర్లు అక్కడి లెక్కలో పెద్ద ఆస్తి. ఇప్పుడు అతనే నలుగురిని పనిలో పెట్టుకోగలడు.

చిన్నాయనకు అది నచ్చింది. “సొంతూర్లె తలెత్తుకున్నడు, మంచిదే” అన్నాడు. కాసేపాగి అడిగాడు: “మరి ఆ పిల్ల సదువు ఏమాయె?”

ఆగిపోయిందని చెప్పాను. పిల్లాడు పడుకున్నాక రాత్రుళ్లు పుస్తకాలు ముందేసుకుని కూర్చునే నేని మొదటి అధ్యాయాల నుంచీ నా మనసులో ఉంది. జెండే నడుము నొప్పి, భయం, విసుగు అన్నీ నాకు అర్థమయ్యాయి. ఆమె వద్దంటున్నా వినకుండా దేశం విడిచిపోతానని జడ్జి ముందు ఒప్పుకోవడం మాత్రం క్షమించలేకపోతున్నాను.