పంచ్ ఎవరి చేతిలో ఉంటుంది? విదేశంలో జుట్టు మార్పిడికి సర్జన్‌ను వెతికిన అనుభవం

జుట్టు మార్పిడి కోసం విదేశం వెళ్లాలని అనుకుంటున్నానని చెప్పినప్పటి నుంచి అందరూ నన్ను అడిగింది ఏ దేశమని మాత్రమే. ఇస్తాంబులా, బ్యాంకాకా, దుబాయా అన్నారు. శ్రీకాకుళంలోని మిత్రులు మొదలుకొని దోహాలో పనిచేస్తున్న మా బావ వరకు ఒక్కరూ సర్జన్ పేరు అడగలేదు. క్లినిక్కుల ప్రతినిధులు వాట్సాప్‌లో పంపిన కొటేషన్లదీ అదే వరస. హోటల్‌కు ఎన్ని నక్షత్రాలున్నాయి, విమానాశ్రయానికి ఏ కారు వస్తుంది, ఎన్ని గ్రాఫ్టులు (తీసి నాటే కుదుళ్లు) పెడతారు, మొత్తం ఎన్ని యూరోలవుతుంది అన్నవన్నీ వాటిలో వివరంగా ఉన్నాయి. నా తల వెనుక చర్మంలోకి పంచ్ (కుదుళ్లను తీసే సన్నని గొట్టం వంటి పరికరం) దించే మనిషి ఎవరన్నది మాత్రం చాలావాటిలో లేదు. కొన్ని నెలలుగా చదివి, అడిగి, బేరీజు వేసుకున్న తరువాత నాకు ఆ ఒక్క వివరమే అన్నిటికన్నా ముఖ్యమని అనిపించింది. నేను వైద్యుణ్ణి కాను కాబట్టి దీనిని ఒక రోగి తయారుచేసుకున్న లెక్కగానే చదవవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా అసలు విషయం చెప్పాలి. పురుషులలో సాధారణంగా కనిపించే బట్టతలలో నుదుటి పైన, నడినెత్తి మీద ఉన్న కుదుళ్లు డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావానికి లోనై ఏటికేడు సన్నబడిపోతాయి. తల వెనుక, చెవుల పైన ఉన్న కుదుళ్లు ఆ ప్రభావాన్ని చాలావరకు తట్టుకుంటాయి. వాటిని తీసి ముందు నాటినా తమ పాత స్వభావాన్నే నిలుపుకుంటాయని న్యూయార్క్ వైద్యుడు నార్మన్ ఒరెన్‌ట్రైక్ 1959లో ప్రచురించాడు. ఈనాటి చికిత్స అంతా దాని మీదే నిలిచి ఉంది. అయితే వెనుక నుంచి తీసిన కుదురు స్థానంలో మరొకటి మొలవదు. ఒక్కో గ్రాఫ్టులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి; సగటు మనిషి తల నుంచి జీవితకాలంలో నష్టం కనబడకుండా తీయగలిగినవి సుమారు 6,000 గ్రాఫ్టులని, కొందరికి అంతకన్నా బాగా తక్కువని సర్జన్లు లెక్కవేస్తారు. తాతలిచ్చిన పొలంలో అమ్ముకున్న సెంటు తిరిగి రానట్టే ఇందులో ఖర్చయినది మళ్లీ రాదు.

అందుకే ‘ఒకే ధరకు ఎన్ని గ్రాఫ్టులైనా’ అన్న ప్రకటన చూస్తే నాకు భయం వేయసాగింది. నాకు ముప్పై నాలుగేళ్లు. హామిల్టన్ 1951లో చేసిన వర్గీకరణను నార్‌వుడ్ 1975లో సవరించగా వచ్చిన ఏడు దశల కొలమానంలో నేను నాలుగో దశలో ఉన్నాను. మా నాన్నగారికీ మేనమామకూ యాభై ఏళ్లు వచ్చేసరికి నడినెత్తి పూర్తిగా ఖాళీ అయింది కాబట్టి నేనూ ఆరో దశ వరకు పోవచ్చునని అనుకోవడమే వివేకం. ఇవేమీ అడగకుండా, నాలుగు ఫోటోలు చూసి, అరగంటలో ఒకే విడతలో 5,000 గ్రాఫ్టులు పెడతామని ఒక ప్రతినిధి రాశారు. అంత తీయడానికి సురక్షితమైన హద్దు దాటి మెడ దాకా, చెవుల అంచు దాకా పోవలసి వస్తుంది. అక్కడి కుదుళ్లు ముందుకు వచ్చినా తరువాత రాలిపోవచ్చు, వెనుక భాగమేమో చిమ్మటలు కొట్టిన బట్టలా కనిపిస్తుంది.

మరొక సర్జన్ వీడియో కాల్‌లో మా నాన్నగారి ఫోటో చూపమన్నారు, జుట్టు రాలడాన్ని తగ్గించే ఫినాస్టెరైడ్ మాత్ర నేను వాడుతున్నానో లేదో అడిగారు, తల వెనుక భాగాన్ని తడిపి దగ్గరగా చూపించమన్నారు. చివరకు నడినెత్తిని ఇప్పుడు ముట్టుకోవద్దని చెప్పారు. అక్కడ సుడి ఉండటం వల్ల ఎన్ని గ్రాఫ్టులు పెట్టినా పలుచగానే కనిపిస్తుంది. పైగా బట్టతల చుట్టూ విస్తరిస్తూ పోతే నాటిన జుట్టు మధ్యలో దీవిలా మిగిలిపోతుంది. ముఖానికి చట్రంలా ఉండే ముందు భాగానికి సుమారు 2,500 గ్రాఫ్టులు చాలునని, మిగిలినది పదేళ్ల తరువాతి అవసరానికి దాచుకోవాలని ఆయన అన్నారు. తనకు రావలసిన డబ్బు తగ్గే సలహా ఇచ్చిన మనిషిని నమ్మవచ్చునన్నది నా సొంత అభిప్రాయం.

మందుల ప్రశ్న చిన్నది కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మినాక్సిడిల్‌ను 1988లో, ఒక మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్‌ను 1997లో పురుషుల బట్టతలకు అనుమతించింది. శస్త్రచికిత్స పోయిన చోట జుట్టు పెడుతుందే గాని ఉన్న జుట్టును ఆపదు. ఆపే ప్రయత్నం మందులది. ఫినాస్టెరైడ్‌తో కొందరికి లైంగిక సమస్యలు, మానసిక కుంగుబాటు రావచ్చు కాబట్టి అది చర్మవైద్యునితో మాట్లాడి తీసుకోవలసిన నిర్ణయం. ఆ ఊసే ఎత్తకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చే క్లినిక్ నా వచ్చే పదేళ్ల గురించి ఆలోచించడం లేదని నేను అర్థం చేసుకున్నాను.

ఇక ఎవరు చేస్తారన్న విషయం. ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్న ఎఫ్‌యూఈ పద్ధతిలో సుమారు 0.7 నుంచి 1 మిల్లీమీటరు వ్యాసమున్న పంచ్‌తో ఒక్కొక్క కుదురునూ విడదీసి తీస్తారు. చర్మం కింద కుదురు ఏ కోణంలో వంగి ఉందో కంటికి కనిపించదు, చేతికి తెలియాలి. కోణం తప్పితే కుదురు తెగిపోతుంది, లెక్కలో మాత్రం గ్రాఫ్టుగానే చేరుతుంది. ఆ తరువాత ముందు భాగంలో సన్నని గాట్లు పెట్టాలి. జుట్టు ఏ దిశలో, ఎంత వాలుగా, ఎంత ఒత్తుగా మొలవాలో ఆ గాట్లే నిర్ణయిస్తాయి. చివరిది గ్రాఫ్టులను గాట్లలో కూర్చడం. దీనిని అనుభవమున్న టెక్నీషియన్లు చేయడం ప్రపంచమంతటా ఉన్నదే, నాకూ అభ్యంతరం లేదు. మొదటి రెండూ చర్మాన్ని కోసే పనులు. అవి డాక్టరు చేతితోనే జరగాలని, డాక్టరు పేరు బోర్డు మీద పెట్టి లైసెన్సు లేనివారితో శస్త్రచికిత్స చేయించడం ప్రమాదకరమని ఐఎస్‌హెచ్‌ఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ సర్జన్ల సంఘం ఏళ్ల తరబడి ప్రచారం చేస్తోంది. అటువంటి చోట్ల దెబ్బతిన్నవారి కోసం నవంబరు 11వ తేదీని ఒక ప్రత్యేక దినంగా కూడా పాటిస్తోంది.

అందువల్ల ప్రతి క్లినిక్‌కూ ఒకే ప్రశ్నను విడదీసి పంపాను: మత్తు ఇంజెక్షన్ ఎవరిస్తారు, కుదుళ్లు ఎవరు తీస్తారు, గాట్లు ఎవరు పెడతారు, ఆ రోజు ఆ సర్జన్ ఇంకా ఎంతమందిని చూస్తారు? ‘మా బృందం చేస్తుంది’, ‘డాక్టరుగారి పర్యవేక్షణలో జరుగుతుంది’ అన్న జవాబులు ఎక్కువగా వచ్చాయి. పర్యవేక్షణ అంటే ఆ గదిలో ఉండటమా, ఆ భవనంలో ఉండటమా అని మళ్లీ అడిగితే కొందరు మౌనం వహించారు. ఒక క్లినిక్ పంపిన ఒప్పంద పత్రంలో సర్జన్ పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. ఆ పేరు నింపి పంపమన్న తరువాత వారి దగ్గరనుంచి అడ్వాన్సు గడువు ముగుస్తోందన్న సందేశాలు తప్ప మరేమీ రాలేదు.

సఫైర్ బ్లేడు (గాట్లు పెట్టే నీలమణి అంచు), డీహెచ్‌ఐ వంటి పేర్లను వేర్వేరు ధరలతో అమ్ముతారు. డీహెచ్‌ఐలో కుదుళ్లు తీసే పద్ధతి ఎఫ్‌యూఈయే. నాటేటప్పుడు పెన్ను వంటి పరికరంతో గాటు పెట్టడం, కుదురు దించడం ఒకేసారి జరుగుతాయి. అంటే ఆ పెన్ను టెక్నీషియన్ చేతిలో ఉంటే జుట్టు దిశను, వాలును నిర్ణయించేది కూడా టెక్నీషియనే. ఎక్కువ ధర చెల్లించే చోట సర్జన్ పాత్ర ఇంకా తగ్గిపోవచ్చునన్న సంగతి ఏ కరపత్రమూ చెప్పదు.

ధ్రువపత్రాల విషయంలోనూ కొంత ఓపిక అవసరం. విదేశీ రోగులకు చికిత్స చేసే సంస్థలకు టర్కీ ఆరోగ్య శాఖ ప్రత్యేక అనుమతి పత్రం ఇస్తుంది. అది లేని చోటును జాబితా నుంచి తీసేయవచ్చు. ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే అది సంస్థకు ఇచ్చినదే గాని సర్జన్ చేతికి ఇచ్చినది కాదు. మన దేశంలోనూ ఈ బెడద ఉన్నందువల్లనే జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో ఈ చికిత్స ఎవరు చేయవచ్చో స్పష్టం చేసింది: శస్త్రచికిత్సలో క్రమబద్ధమైన శిక్షణ పొందినవారు, తగిన శిక్షణ ఉన్న చర్మవైద్యులు మాత్రమే చేయాలని, వర్క్‌షాపులలో చూసి నేర్చుకున్నది చాలదని పేర్కొంది. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఈ కొలతకు తూగే సర్జన్ దొరికితే విదేశం వెళ్లనక్కరలేదు. పైన చెప్పిన వీడియో కాల్ సర్జన్ ఇస్తాంబుల్‌లో ఉండటం, మా బావ సెలవు పెట్టి తోడుగా వస్తాననడం వల్ల నేను అటు మొగ్గాను.

ఫలితాల ఫోటోలను ఎలా చూడాలో కూడా నేర్చుకోవలసి వచ్చింది. ముందు ఫోటోలో తడిజుట్టు, తల మీద నేరుగా లైటు ఉండి, తరువాతి ఫోటోలో ఆరబెట్టి దువ్వి జెల్ పూసిన జుట్టు ఉంటే ఆ పోలికకు విలువ లేదు. ఒకే వెలుతురులో, పన్నెండు నెలలు నిండిన తరువాత, దువ్వెనతో పాయ తీసి చూపిన వీడియో కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా తల వెనుక భాగం ఫోటో కావాలి. మొదటి ఒకటి రెండు నెలల్లో నాటిన జుట్టు రాలిపోయి, మూడో నాలుగో నెల నుంచి మళ్లీ మొలుస్తుంది కాబట్టి ఏడాదిలోపు ఫోటోలతో తీర్పు చెప్పలేము.

ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లావారు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన సంగతి. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే ఉద్దానం ప్రాంతపు కుటుంబం. విదేశీ ప్రయాణం మాట వినగానే కవిటిలో ఉండే మా పెదనాన్న, “నెత్తి మీద జుత్తు కోసం దేశాలు దాటాలేటిరా?” అని నవ్వి, వెంటనే “క్రియాటినిన్ చూపించుకున్నావా?” అని, అంటే కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష గురించి, అడిగారు. ఏ క్లినిక్ కూడా అడగని ప్రశ్న అది. క్లినిక్కులవారు హెచ్‌ఐవీ, హెపటైటిస్, షుగరు, రక్తం గడ్డకట్టే సమయం అడిగారు. కిడ్నీల సంగతి ఎవరూ ఎత్తలేదు. సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస ప్రాంతాలలో పొగ, మద్యం అలవాట్లు లేనివారికీ, షుగరు లేనివారికీ కిడ్నీ జబ్బు వస్తోంది, కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, ముదిరేవరకు లక్షణాలు కనబడకపోవచ్చు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది ఈ బాధ వల్లనే. జుట్టు మార్పిడి తరువాత ఇచ్చే సంచిలో యాంటీబయాటిక్‌తో పాటు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ జాతి నొప్పి మాత్రలు ఉండటం మామూలే. అవి బలహీనపడిన కిడ్నీలను మరింత దెబ్బతీస్తాయి. వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ షుగరును పెంచుతుంది. ఉద్దానం మనిషి ఎవరైనా క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకుని ఆ కాగితం సర్జన్‌కు పంపాలి, నొప్పికి ఏ మాత్ర ఇస్తారో ముందే అడగాలి. నా పరీక్షలు సవ్యంగానే వచ్చాయి. అయినా పారాసెటమాల్ చాలునని రాయించుకున్నాను.

తిరిగి వచ్చిన తరువాతి సంగతులను ప్యాకేజీలు రెండు వాక్యాలలో ముగిస్తాయి. విశాఖ నుంచి ఇస్తాంబుల్‌కు నేరుగా విమానం లేదు. మధ్యలో మారవలసి ఉంటుంది, ఆ తరువాత శ్రీకాకుళానికి రోడ్డు ప్రయాణం. నాటిన కుదుళ్లు గట్టిగా కుదురుకోవడానికి సుమారు పది రోజులు పడుతుంది. నుదురు వాచేది మొదటి వారంలోనే. అందుకని మూడు రాత్రుల ప్యాకేజీని పొడిగించమని అడిగాను. వచ్చాక కొన్ని వారాలు బైకు మీద హెల్మెట్ కుదరదు, హెల్మెట్ లేకుండా బైకు నడపకూడదు కాబట్టి ఆఫీసుకు ఆటోలోనే పోవాలి. ఏప్రిల్, మే నెలల ఎండను, చెమటను తప్పించుకోవాలంటే మనకు డిసెంబరు, జనవరి అనుకూలం. తల వెనుక నుంచి చర్మపు పట్టీ కోసి తీసే ఎఫ్‌యూటీ పద్ధతిని ఎంచుకున్నవారు, పది పద్నాలుగు రోజులకు కుట్లు ఇక్కడ ఎవరు విప్పుతారో కూడా చూసుకోవాలి. ఎలాగూ గుండు చేస్తారు కదా, సింహాచలంలో మొక్కు తీర్చుకునే వెళ్లమని మా అమ్మ అంది. సర్జన్‌ను అడిగితే వద్దన్నారు. జుట్టు ఎక్కడెక్కడ బలహీనపడిందో ఉన్న జుట్టులోనే కనబడుతుందని, గుండు అక్కడికి వచ్చాకేనని చెప్పారు. మొక్కు వాయిదా పడింది.

చివరకు నేను ఒప్పుకున్న పత్రంలో సర్జన్ పేరు ఉంది, కుదుళ్లు తీయడం, గాట్లు పెట్టడం ఆయనే చేస్తారని ఉంది, ఆ రోజు మరో రోగి లేరని ఉంది. ఆయన రాలేని పరిస్థితి వస్తే తేదీ మారుస్తారు లేదా అడ్వాన్సు తిరిగి ఇస్తారు. ‘జీవితకాల గ్యారంటీ’ అన్న మాట అందులో లేదు. ధర మామూలు ప్యాకేజీలకన్నా బాగా ఎక్కువే అయినందువల్ల మా ఆవిడతో కూర్చుని లెక్కలు వేసుకుని, ఇంటి మేడ మీద గది కట్టే పనిని వచ్చే ఏడాదికి జరిపాము. ఇక్కడి చర్మవైద్యులు తరువాతి పరీక్షలకు ఒప్పుకున్నారు. ఇచ్చిన మందులన్నీ బ్రాండు పేర్లతో కాక అసలు పేర్లతో, ఇంగ్లీషులో రాసి డిశ్చార్జి పత్రం ఇవ్వాలని వారు కోరగా ఆ మాట కూడా ఒప్పందంలో చేర్పించాను. వీసా చేతికి అందిన తరువాత జనవరిలో తేదీ ఖరారవుతుంది.