కొబ్బరి పిందె దుద్దులు: సంక్రాంతి నుంచి శ్రావణం దాకా

మా ఊరు అంబాజీపేట పక్కన. కొబ్బరి చెట్టు కింద పిందె రాలని రోజంటూ ఉండదు. చిన్నప్పుడు వాటికి ఈనె పుల్ల గుచ్చి బొంగరాలు తిప్పేవాళ్లం. మన నగల్లో మామిడి పిందెలున్నాయి, మల్లెమొగ్గలున్నాయి. కొబ్బరి పిందెతో చేసిన నగ మాత్రం నేనెక్కడా చూడలేదు. విశాఖలో బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) రెండో ఏడు చదువుతున్నాను. మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు, ఈ పిందెని ముందు బాగా గీయాలి, తర్వాత చెవికి పెట్టుకునేలా చెయ్యాలి అనుకుని మొదలుపెట్టాను. ఇంటికొచ్చినప్పుడల్లా కాస్త కాస్తగా చేసి ఏడు నెలలకి ఇక్కడిదాకా వచ్చాను.

జనవరి అంతా బొమ్మలే. ఏ5 సైజు పుస్తకంలో 24 పిందెలు గీశాను. రాలిన పూటే గీయాలి. పొద్దున లేత పసుపు కలిసిన ఆకుపచ్చలో ఉన్నది మర్నాటికి గోధుమరంగుకి తిరిగిపోతుంది. పైన ముచ్చికలో రేకులు ఆరు, బయట మూడు, లోపల మూడు. ఒకదాని అంచు మీదకి ఇంకొకటి ఎక్కి ఉంటుంది. మొదటి పది బొమ్మల్లో నేను అన్ని రేకుల్నీ పువ్వుకి గీసినట్టు వరసగా పక్కపక్కన పేర్చేశాను. పదకొండోదానికి గోటితో ఒక రేకు ఎత్తి చూశాను. కింద పిందె ఎండ తగలని చోట పాలమీగడ రంగులో, నున్నగా ఉంది. ఏ రేకు కింద ఏ రేకు దూరిందో అప్పుడు తెలిసింది. అక్కణ్ణుంచి బొమ్మ మారింది.

ఒక పిందెకి రేకు అంచు కిందనుంచి మొదలై కిందకి దిగే త్రికోణం మచ్చ ఉంది. గోధుమరంగు, లోపల సన్న పగుళ్లు. నాన్న చూసి, "అది నల్లి కొట్టిన పిందమ్మా, మంచిది చూసుకుని గియ్యొచ్చు కదా" అన్నారు. నల్లి కంటికి కనపడదు. రేకుల కింద చేరి లేత భాగం రసం పీలుస్తుంది. కాయ పెరిగేకొద్దీ ఆ మచ్చ కిందకి జారినట్టు సాగుతుంది. మా తోటలో ఆ మచ్చ లేని గెల వెతుక్కోవాలి. అందుకే దాన్నే గీశాను. పిందెకి లెమన్ ఎల్లో నాలుగు పాళ్లు, సాప్ గ్రీన్ ఒక పాలు. మచ్చకి బర్న్ట్ సియెన్నా, తడి ఆరాక దానిమీద 0.1 పెన్నుతో పగుళ్లు. పుస్తకం మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ అదే.

లోహం జోలికి వెళ్లేముందు ఫిబ్రవరిలో కొబ్బరి చిప్ప మీద చెయ్యి తిప్పుకున్నాను. పాడైనా ఖర్చు లేదు, వంటింట్లో రోజూ దొరుకుతుంది. ముదురుకాయ చిప్పే తీసుకోవాలి, లేతది రంపానికి అంచులు రేగిపోతుంది. నగలపనికి వాడే సన్న రంపం ఇది, బ్లేడు పళ్లు పిడివైపుకి, కిందకి చూస్తూ ఉండాలి. బిగించాక గోటితో మీటితే తీగలా మోగాలి. మొదటిరోజు పదకొండు బ్లేళ్లు విరిగాయి. అన్నీ మలుపుల దగ్గరే. మలుపులో ముందుకి నెట్టకూడదు. రంపాన్ని ఉన్నచోటే పైకీ కిందకీ ఆడిస్తూ చిప్పని నెమ్మదిగా తిప్పాలి. బ్లేడుకి కొవ్వొత్తి రాస్తే పట్టేయదు. గరుకు కాగితం 80తో మొదలుపెట్టి 150, 320, 600, 1000 దాకా, చివరికి ఒక చుక్క కొబ్బరినూనె. 320 నుంచి నీళ్లలో తడిపి రుద్దాను, ఆ పొడి గొంతులో దిగితే రెండు రోజులు దగ్గు వదలదు. మాస్కు తప్పనిసరి. అలా నాలుగు లాకెట్లు అయ్యాయి, ఒకటి అమ్మ మెళ్లో ఉంది.

వేసవి సెలవుల్లో మా వీధి చివర నగలు చేసే ఆచారి తాతగారి దగ్గరికి వెళ్లి, పని నేర్పమని అడిగాను. "రోజూ పొద్దున్నే రెండు గంటలు వస్తావా?" అన్నారు. "ఆయ్, వస్తానండి" అన్నాను. నలభై రోజులు ఒక్క పూట మానలేదు.

ముందు రాగి. 0.8 మిల్లీమీటర్ల రేకు. పిందె బొడ్డుకి 16 మిల్లీమీటర్ల బిళ్ల కోసి, గుంటలున్న ఇత్తడి దిమ్మలో పెట్టి కొడితే గిన్నెలా వంగుతుంది. కొట్టేకొద్దీ రాగి బిరుసెక్కుతుంది. వదలకుండా కొడితే అంచు చీలుతుంది. మధ్యలో ఆపి మసక వెలుతురులో సన్నగా ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో వెయ్యాలి, మళ్లీ మెత్తబడుతుంది. ఎండలో కాలిస్తే ఆ ఎరుపు కనపడక ఎక్కువ కాల్చేస్తాం. అందుకే తాతగారు కుంపటి ఉన్న మూల కిటికీ మూసేస్తారు.

టంకం దగ్గరే నాకు నెల పట్టింది. ముచ్చికని గిన్నెకి అతకాలి. నేను పెట్టిన అతుకులో గోరు పట్టేంత సందు ఉంది, టంకం కరిగి నిండిపోతుందిలే అనుకున్నాను. తాతగారు దాన్ని చిమటాతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూపించారు. "టంకం సందు పూడ్చదమ్మాయ్. సందు లేకుండా నువ్వే చేసుకోవాలి. వెలుతురు కనపడిందా, మళ్లీ ఆకురాయి పట్టుకో." ఆ అతుక్కి మూడు పూటలు రాకాను.

తర్వాత కాల్చడం. టంకం పట్టడానికి వెలిగారం రాతి మీద నీళ్లతో అరగదీసి కుంచెతో అతుకంతా రాస్తాం. టంకం ముక్కలు ఆవగింజలో సగం ఉంటే చాలు. మంట తగలగానే వెలిగారం తెల్లగా ఉబ్బుతుంది, ముక్కల్ని ఎత్తి పక్కకి తోసేస్తుంది. తొందరపడకుండా మంట దూరంగా తిప్పుతుంటే అది అణిగి గాజులా మెరుస్తుంది. అప్పుడు వస్తువంతా ఒకే ఎరుపుకి రావాలి. టంకం వేడి ఎక్కువున్న వైపుకి పరిగెడుతుంది. నేను మొదటిసారి మంట నేరుగా టంకం మీదే పెట్టాను. చెవికి పెట్టే సన్న తీగ ముందే కాగిపోయి టంకం అంతా దానిమీదకి పాకింది, అతుకు ఖాళీగా మిగిలింది. సరిగ్గా కుదిరినప్పుడు మాత్రం అతుకు పొడవునా ఒక మెరుపు గీత కళ్లముందే పరుగెడుతుంది. ఒక్క క్షణం. ఆ క్షణంలోనే మంట తీసెయ్యాలి. చల్లారాక చింతపండు నీళ్లలో మరిగిస్తే నలుపంతా వదులుతుంది.

ఇంకొకటి, ఎవరైనా బోలు వస్తువు చేస్తుంటే గుర్తుపెట్టుకోండి. నా రెండో రాగి పిందె అన్నివైపులా మూసుకుపోయింది. లోపల నీటిచెమ్మ చిక్కింది. రెండోసారి కాల్చినప్పుడు ఆవిరి పట్టి టప్పుమని పగిలి, ముక్క గోడకి తగిలింది. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఇప్పుడు మూసేముందే ముచ్చిక మధ్యలో 0.8 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తున్నాను.

ఆ నెలలోనే నా బొమ్మల్లోనూ తేడా వచ్చింది. ఇంతకుముందు రెండు గీతలు కలిసేచోట నాకు తెలియకపోతే అక్కడ నీడ గీతలు దట్టంగా వేసి వదిలేసేదాన్ని. జనవరి పేజీలు తిరగేస్తే అలాంటి చోట్లు ఎన్నో. ఇప్పుడు పెన్ను పెట్టేముందు, ఇది రాగి రేకైతే దీన్ని ఎక్కడ అతకాలి అని చూసుకుంటున్నాను. జవాబు రాకపోతే మళ్లీ పిందె చేతిలోకి తీసుకుంటున్నాను.

జూన్‌లో రాజమండ్రి వెళ్లి చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీలో ఒక పూటంతా కూర్చున్నాను. 1897లో పుట్టి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయారాయన. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన చెయ్యి గుర్తించి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌కి పంపారు. ఆ బొమ్మల్లో మనిషి భుజం గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేలితో గాల్లో గీసుకుంటూ చూశాను. గోదావరి జిల్లాల్లో బొమ్మలేసే ప్రతివాళ్లూ ఒక్కసారైనా వెళ్లి చూడాలి.

జూలైలో ముసురుకి కాగితంతో కష్టమైంది. రంగు వేశాక మే నెలలో పావుగంటలో ఆరే 300 జీఎస్ఎం మందపు కాగితం ముప్పావుగంటైనా చల్లగానే ఉంది. దానిమీద పాళీ పెడితే ఇంకు అంచులు రేగాయి. కాగితాలన్నీ సిలికా పొట్లాలు వేసి ప్లాస్టిక్ కవర్లో మూసి పెట్టాను, చెంపకి ఆనించి చల్లగా తగలకపోతేనే ఇంకు పెడుతున్నాను.

వెండి జత ఈ నెలలో పూర్తయింది. 925 వెండి, అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగే. 0.5 మిల్లీమీటర్ల రేకు. ఒక్కొక్కటి 2.4 గ్రాములు తేలింది, ఆకురాయి పొడి కాగితంలో పట్టి తూస్తే జతకి 0.9 గ్రాములు. గిన్నె వంచాక, అతకకముందే, నల్లి మచ్చని సన్న ఉలితో చెక్కాను. త్రికోణం లోపల దగ్గర దగ్గరగా గీతలు, అచ్చం ఆ పేజీలో పెన్నుతో వేసినట్టే. నలుపెక్కించడానికి మందులేవీ వాడలేదు. ఉడికించిన కోడిగుడ్డు నలిపి మూత బిగించే స్టీలు డబ్బాలో వేసి, చిన్న గిన్నెలో దుద్దులు పెట్టి, గుడ్డు తగలకుండా దించాను. గుడ్డులోని గంధకం వెండిని పట్టుకుంటుంది. మూడు గంటలకి గోధుమరంగు, తెల్లారేసరికి నలుపు. పైనంతా మెత్తటి గుడ్డతో రుద్దితే నలుపు చెక్కిన గీతల్లోనే నిలిచింది.

నాన్న ఒక దుద్దు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు. "నల్లి కూడా పెట్టావే" అన్నారు.

పిన్ని నరసాపురం లేసు అల్లుతుంది. ఒక చిన్న పువ్వు అల్లికని రాగి రేకు మీద పెట్టి తాతగారి రోలింగ్ మిషన్లో నొక్కి చూశాను. రేకు కాల్చకుండా పెడితే ముద్ర పడలేదు. కాల్చి మెత్తబరిచాక దారం పురి కూడా కనపడేంత బాగా దిగింది. దసరా సెలవులకి ఆ ముద్రతో మొగలిరేకు చెయ్యాలి. కాలవ గట్టున మొగలిపొద ఉంది. ముళ్లు ఎటువైపు తిరిగి ఉన్నాయో మూడు పేజీలు గీశాను, నడి ఈనె దగ్గర రేకు ఎలా మడుస్తుందో ఇంకా తేలలేదు.