అల్లిక నమూనాలో లూపులు, కౌంటర్లు

ఊలు అల్లిక నమూనాలో ‘*2 నిట్, 2 పర్ల్, * నుంచి మళ్లీ’ అని ఉంటే (నిట్, పర్ల్ అంటే అల్లికలోని రెండు ప్రాథమిక కుట్లు) అది అచ్చంగా ప్రోగ్రామింగ్‌లోని లూపే, అంటే అదే పని మళ్లీ మళ్లీ చేయడం. గుండ్రంగా అల్లేటప్పుడు కుట్ల సంఖ్య 4తో నిశ్శేషంగా భాగించబడాలి. 80 కుట్లయితే లూపు 20 సార్లు తిరిగి సరిగ్గా ముగుస్తుంది. 82 వేస్తే చివరి 2 నిట్లు తర్వాతి వరుస మొదటి రెండింటికి ఆనుకుని, అక్కడ 4 నిట్ల పట్టీ కనిపిస్తుంది.

అసలు చిక్కంతా నమూనాలో వచ్చే ‘అదే సమయంలో’ అన్న మాట దగ్గరే. ఉదాహరణకు, చంక వైపు ప్రతి 2వ వరుసలో ఒక కుట్టు తగ్గించాలి, 10 సార్లు. మెడ వైపు ప్రతి 4వ వరుసలో ఒకటి, 8 సార్లు. అంటే రెండు కౌంటర్లు సమాంతరంగా నడుస్తాయి: చంక 20వ వరుసలో ఆగిపోతుంది, మెడ 32 దాకా సాగుతుంది. మనసులో లెక్క పెట్టుకోమని నేనైతే ఎవరికీ చెప్పను. 32 వరుసలూ ముందే కాగితంపై రాసుకుని, ఒక్కోటీ కొట్టేస్తూ వెళ్లండి.

లేసులో యార్న్ ఓవర్ (సూది మీదుగా ఊలు ఒక చుట్టు వేయడం) ఒక కుట్టు పెంచుతుంది, రెండు కలిపి అల్లితే ఒకటి తగ్గుతుంది. నమూనా తిరిగి మొదలయ్యే ప్రతి చోటా (రిపీట్) సూదికి మార్కర్, అంటే గుర్తు రింగు, పెడితే తప్పు ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది. సరిచూసిన వరుస కుట్లలోంచి పలచటి దారం దూర్చి ఉంచితే అది ప్రోగ్రామర్ల ‘కమిట్’ లాంటిది, అంటే తప్పు జరిగితే వెనక్కి వెళ్లగలిగేలా భద్రపరచుకున్న స్థితి. విప్పినా అల్లిక అక్కడే ఆగుతుంది. ఆ దారం మార్కర్లలోంచి మాత్రం పోకూడదు, పోతే అవి అక్కడే ఇరుక్కుంటాయి.