లెక్కలో తప్పిన బిడ్డ

పర్లాకిమిడిలోని మా చర్చి సంఘంలో డిసెంబరు నెలలో ఒక సాయంత్రం గోడకు తెల్లదుప్పటి కట్టి పిల్లలకు సినిమా చూపించడం అలవాటు. నిరుడు వేసింది 1990లో వచ్చిన ‘హోమ్ అలోన్’. దొంగలు జారిపడినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టారు గాని, నన్ను పట్టుకున్నది మొదటి పావుగంటే.

చికాగో దగ్గరి ఒక ఇంట్లో బంధువులందరూ పారిస్ ప్రయాణానికి చేరుతారు. ఎనిమిదేళ్ల కెవిన్ గొడవ చేశాడని తల్లి వాణ్ణి అటక మీది గదికి పంపేస్తుంది. తెల్లవారి ఆలస్యంగా లేచిన హడావుడిలో, వ్యాను దగ్గర తచ్చాడుతున్న పొరుగింటి కుర్రవాణ్ణి కూడా కలిపి తలలు లెక్కపెడతారు. లెక్క సరిపోతుంది, బిడ్డ మిగిలిపోతాడు.

లూకా సువార్త రెండవ అధ్యాయంలో మరియ యోసేపులకు జరిగిందీ ఇంచుమించు ఇదే. పస్కా పండుగ ముగించుకొని యెరూషలేము నుండి తిరిగి వస్తూ, పన్నెండేళ్ల యేసు ‘సమూహములో ఉన్నాడని’ తలంచి ఒక దినప్రయాణం సాగిపోయారు. ఆయన దేవాలయంలో దొరికింది మూడు దినాల తరువాత. వారికి బిడ్డపై ప్రేమ తక్కువని ఎవరనగలరు? ఉన్నాడులే అన్న ధీమాయే అంత పని చేసింది. ‘వారైన మరచుదురు గాని నేను నిన్ను మరువను’ అని యెషయా 49:15లో చదివినప్పుడల్లా, తల్లి సైతం మరచిపోగలదని దేవుడే ఒప్పుకున్నాడు గదా అని నాకొక ఊరట.

సినిమాలో నాకు మరీ ఇష్టమైనవాడు పక్కింటి ముసలాయన. కొడుకుతో మాటపట్టింపు వచ్చి, మనవరాలి పాట వినడానికి సాధన వేళలోనే చర్చికి వచ్చి కూర్చుంటాడు. కొడుక్కి ఫోను చెయ్యమని ఆయనకు చెప్పేది కెవినే.

ఇంత ఆలోచించిన నేనే, ఆ వారంలోనే ఇంటింటా క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్‌కు ఇళ్ల జాబితా పట్టుకొని తిరిగి, వీధి చివరి మామ్మ ఇంటికి వెళ్లకుండానే టిక్కు పెట్టాను. మరునాడు క్షమించమని అడగడానికి వెళ్తే, అరిసెల పళ్లెం మీద కప్పిన తువాలు ఇంకా తీయలేదు. ఆమె కోప్పడలేదు. “సూరత్‌లో మా పెద్దోడికి ఫోను కలుపు నాయనా, పాట ఆడూ ఇంటాడు” అన్నది. మొదటి చరణం నేను పాడాను. రెండవది నాకు సరిగా రాదు, మామ్మే అందుకుంది.