మబ్బున నాలుగింటికి మా తొట్టిలో గాలి

మా వైపు తెల్లవారుజామును మబ్బున అంటాం. మబ్బున లేచి బస్సెక్కినాడంటే ఇంకా వెలుతురు రాకముందే పోయాడని. మా పెరటి తొట్టిలో చేపలు చచ్చిపోయింది కూడా మబ్బుననే. ఆ వేళకీ చేపల చావుకీ ఉన్న సంబంధం అప్పటికి నాకు తెలియదు. తెలిసి ఉంటే తొట్టి నీళ్లలోకి గాలి తోసే పంపు ముందే కొనేదాన్ని.

మాది పొదలకూరు మండలంలో చిన్న పల్లె. నిమ్మచెట్లకి నీళ్లు పెట్టుకోవడానికి ఇంటి వెనక నాన్న ఎప్పుడో సిమెంటు తొట్టి కట్టించాడు. తోటకి డ్రిప్ వేశాక దానితో పని లేకుండా పోయింది. ఊరికే ఉంచితే దోమలు. అందుకని 2021లో నాన్న అందులో ఆరు రాగండి పిల్లలు, నాలుగు బొచ్చె పిల్లలు వదిలాడు. తర్వాత ఎవరో ఇచ్చిన జిలేబి చేపలు, కాలువలో దొరికిన ఒక కొరమీను వచ్చి చేరాయి. జిలేబీలు పిల్లలు పెడుతూనే ఉంటాయి, కొరమీను వాటిని తింటూనే ఉంటుంది. నాన్నకి 78 ఏళ్లు. సాయంత్రం పూట తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద తీసుకుని గట్టు మీద కూర్చుంటే బొచ్చెలు పైకి వచ్చి ఆయన వేళ్లు తడిమేవి. వాటిని పులుసు పెట్టాలన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

2023 జూన్ మొదటి వారం. రోహిణి కార్తె ఎండలకి నీళ్లు పచ్చగా, చిక్కగా అయిపోయాయి. ఆపైన రెండు రోజులు మేఘాలు కమ్ముకున్నాయి. చినుకు లేదు, గాలి లేదు, ఒకటే ఉక్కపోత. మూడో రోజు పొద్దున ఆరింటికి నాన్న కేక విని పరుగెత్తాను. రాగండ్లు అయిదు, బొచ్చెలు నాలుగూ తేలి ఉన్నాయి. మిగిలిన ఒక్క రాగండి నీటిపైన నోరు తెరిచి మూస్తోంది. పక్క తోటలో ముందురోజు మందు కొట్టారు. ఆ మందే గాలికి వచ్చి పడిందని నాకు గట్టిగా అనిపించింది. వాళ్లింటికి వెళ్లి అడగడానికి చెప్పులు కూడా వేసుకున్నాను.

వెళ్లేముందు తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు మైపాడు వైపు రొయ్యల గుంటల మీద టెక్నీషియన్‌గా చేస్తున్నాడు. వాడు నన్ను ఓదార్చలేదు, వరసగా ప్రశ్నలు అడిగాడు.

"ముందు పెద్దవి పోయినాయా, చిన్నవా?"

"పెద్దవే. జిలేబి పిల్లలు బాగానే తిరుగుతున్నాయి."

"కొరమీను?"

"దానికేమీ కాలేదు."

"నీళ్లు పచ్చగా ఉండాయా? రాత్రి పడుకునేటప్పుడు బాగున్నాయా చేపలు?"

"ఉన్నాయి. బాగానే ఉన్నాయి."

"అయితే మందు కాదక్కా. మందైతే చిన్నవి ముందు పోతాయి. ఇది గాలి చాలక. మా గుంటల్లో మబ్బున నాలుగింటికి నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఎందుకు గిరగిరా తిరుగుతుంటాయనుకున్నావు?"

నేను చెప్పులు విప్పేశాను. ఆ పక్కింటివాళ్లని ఒక్క మాట అనకుండా ఆగినందుకు ఈరోజుకీ నాకు ఊరటగా ఉంటుంది.

ఆ ఆదివారం వాడు డీవో మీటరు తెచ్చాడు. నీళ్లలో కరిగి ఉన్న ప్రాణవాయువుని కొలిచేది. మధ్యాహ్నం మూడింటికి పెడితే లీటరుకి 11 మిల్లీగ్రాములు చూపించింది. చేపలకి అయిదు ఉంటే హాయి. మరి ఇన్ని ఉండి చచ్చిపోవడమేమిటి అన్నాను. మబ్బున లేపుతా, అప్పుడు చూడమన్నాడు. నాలుగున్నరకి టార్చి పట్టుకుని మళ్లీ పెడితే రెండు దాటలేదు.

వాడు చెప్పింది ఇది. నీళ్లు పచ్చగా ఉన్నాయంటే అందులో కంటికి కనపడనంత సన్నని నాచు ఉన్నట్టు. పగలు ఎండలో అది ప్రాణవాయువు తయారుచేస్తుంది. రాత్రికి అదే నాచు చేపలతో పాటు ఆ ప్రాణవాయువుని పీల్చుకుంటుంది. అడుగున కుళ్లే ఆకులూ, మిగిలిన మేతా కూడా వాడుకుంటాయి. పొద్దు పొడిచేముందు మిగిలేది తక్కువ. రెండు రోజులు ఎండ లేకపోతే పగలు తయారయ్యేదే బాగా పడిపోతుంది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గదు. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ గాలిని తక్కువగా పట్టుకుంటాయి. గాలి నుంచి 20 డిగ్రీల నీళ్లలోకి లీటరుకి తొమ్మిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల నీళ్లలోకి ఏడున్నరే. మధ్యాహ్నం చూసిన 11 ఎండలో నాచు చేర్చింది. వేడికి చేపల అవసరం మాత్రం పెరుగుతుంది. కొరమీను ఎందుకు బతికిందంటే అది పైకి వచ్చి మనలాగే బయటి గాలి మింగుతుంది. రాగండికీ బొచ్చెకీ ఆ వీలు లేదు.

ఇంకొక మాట కూడా చెప్పాడు. చేపలు పైకి తేలినప్పుడు మోటారు వేసి కొత్త నీళ్లు పెడితే సరిపోతుందని మేమంతా అనుకుంటాం. బోరులోంచి వచ్చే నీళ్లలో ప్రాణవాయువు దాదాపు ఉండదట. పైపుని తొట్టిలో ముంచి పెడితే లాభం లేదు. ఎత్తు నుంచి జల్లులా పడేలా పెడితేనే దారిలో గాలి కలుస్తుంది.

ఇంత విన్నాక కూడా మొదటి పంపు తప్పుగానే కొన్నాను. నెల్లూరు ట్రంకు రోడ్డు దగ్గర సందులో అక్వేరియం షాపు ఒకటి ఉంటే, ఇంటి తొట్టికి గాలి పంపు కావాలని అడిగాను. నా అరచేతిలో పట్టేంతది ఇచ్చాడు. అయిదు వాట్లు, రెండు గొట్టాలు, 450 రూపాయలు. తొట్టి ఎంత లోతు అని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంటికొచ్చి గొట్టం చివర సన్న రంధ్రాలున్న గాలి రాయి తగిలించి అడుగుకి దించితే ఒక్కో బుడగ ఆగి ఆగి వచ్చింది. అదే రాయిని బకెట్‌లో వేస్తే బుసబుసా పొంగింది.

నాకు అర్థం కాక గొట్టాన్ని నా నోట్లో పెట్టుకుని ఊదాను. బకెట్‌లో సులువుగా ఊదగలిగాను. తొట్టిలో మూడడుగుల కిందికి దించి ఊదితే బుగ్గలు ఉబ్బి, చెవులు దిమ్మెక్కి, నాలుగు బుడగలు వచ్చాయి. మీరూ ఒకసారి ఊది చూడండి. పంపు పెట్టె మీద రాసినవన్నీ చదివినా అర్థం కానిది ఆ ఒక్క ఊదుతో అర్థమవుతుంది.

పెట్టె మీద నిమిషానికి ఇన్ని లీటర్లని రాసే అంకె, చాలావరకు గొట్టానికి ఏ అడ్డూ లేనప్పుడు వచ్చే గాలి. లోతుకి దించేకొద్దీ అది తగ్గుతుంది. దాని పక్కనే ఎంపీఏ (MPa, మెగాపాస్కల్) అని ఇంకొక అంకె ఉంటుంది. అది ఒత్తిడి. మీటరు లోతు నీళ్లంటే సుమారు 0.01 ఎంపీఏ. పెట్టె మీద 0.012 అని ఉంటే మీటరుంపావు లోతు దగ్గర ఆ పంపు పూర్తిగా చేతులెత్తేస్తుందని అర్థం. అంత లోతులో అది పనిచేస్తుందని కాదు. మీ లోతుకి కావలసినదానికి కనీసం రెట్టింపు ఉన్నది చూసుకోండి.

ఈసారి టేపుతో కొలిచాను. నేను బట్టలు కుట్టేదాన్ని, కొలత లేకుండా గుడ్డ కత్తిరించను. మరి పంపు కొనేటప్పుడు కొలవకుండా ఎలా వెళ్లానో. పొడవు పదడుగులు, వెడల్పు ఆరడుగులు, నీళ్లు మూడడుగులు. గుణిస్తే 180 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల చొప్పున అయిదు వేల లీటర్ల పైమాటే. ఆ లెక్క కాగితం మీద రాసుకుని తమ్ముడితో కలిసి వెళ్లి, 35 వాట్ల పిస్టన్ పంపు తెచ్చాను. అల్యూమినియం ఒళ్లు, నాలుగు కిలోలుంటుందేమో. మూడు వేల చిల్లర అయింది.

చిన్న పంపుల్లో రబ్బరు పొర ఒకటి కొట్టుకుంటూ గాలిని తోస్తుంది. శబ్దం తక్కువ, కానీ కొన్నాళ్లకి రబ్బరు చిరుగుతుంది, మార్చుకోవాలి. పిస్టన్ వాటికి రబ్బరు గొడవ లేదు, లోతుకి బాగా తోస్తాయి. శబ్దమూ వేడీ ఎక్కువ. మా అవసరానికి పిస్టనే సరైనదని ఇప్పటికీ అంటాను. గప్పీల్లాంటి చిన్న చేపలు పెంచే రెండడుగుల తొట్టికైతే దండగ.

కూలర్ మోటారు నీళ్లలో వేసి ఫౌంటెన్‌లా చిమ్మిస్తే చాలదా అని చాలామంది అడిగారు. నీళ్లు చిమ్మితే గాలి కలిసే మాట నిజమే. కానీ కరెంటు తీగ నీళ్లలోకి దిగుతుంది, నాన్న రోజూ అందులో చెయ్యి పెడతాడు. గాలి పంపైతే కరెంటు గట్టు మీదే ఆగిపోతుంది, లోపలికి గొట్టమే వెళ్తుంది. నాకు ఆ కారణం ఒక్కటి చాలు. అయినా ఆ లైనుకి కరెంటు లీకైతే ఆపేసే ట్రిప్పర్ పెట్టించాను.

పంపుని ఎక్కడ పెట్టాలన్నది కొనడమంత ముఖ్యం. మొదట వాన పడకుండా మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. రెండు గంటలకి చెయ్యి పెట్టలేనంత కాలింది. దానికీ ఊపిరాడాలి కదా. ఇప్పుడు గోడకి చిన్న రేకు చూరు దింపి, దాని కింద బల్ల మీద పెట్టాను, నాలుగు వైపులా గాలి ఆడుతుంది. కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు పరిస్తే అదురు తగ్గింది. ఆ బల్ల తొట్టి నీళ్ల మట్టం కన్నా రెండడుగులు ఎత్తులో ఉంది. పంపు కింద ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపులోకి దిగుతాయి. వెనక్కి రాకుండా వాల్వు ఒకటి దొరుకుతుంది, అది కూడా వేశాను. కానీ వాల్వుని నమ్ముకుని పంపుని నేల మీద పెట్టొద్దు.

గాలి బయటికొచ్చే ఇత్తడి మూతి బాగా వేడెక్కుతుంది. మే నెల రాత్రి ఒకసారి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి ఊడిపోయింది. ఇప్పుడు ఆ మొదటి జానెడు మందపాటి రబ్బరు గొట్టం, దానికి క్లిప్పు.

నా మిషన్‌కి వారానికోసారి నూనె వేస్తాను. అలవాటు కొద్దీ పంపు కొంచెం గరగరమంటే నూనె సీసా తీసుకుని వెళ్లాను. అప్పుడు తమ్ముడు ఇంట్లో ఉండబట్టి సరిపోయింది. "అక్కా, దీనికి నూనె వద్దు, ఆ నూనె గాలితో పోయి నీళ్ల మీద తెట్టు కడతాది" అని చెయ్యి పట్టుకున్నాడు. గరగరకి కారణం గాలి లోపలికి పోయే చోట ఉన్న మెత్త, దుమ్ముతో మూసుకుపోయింది. కడిగి ఆరబెట్టి పెడితే తగ్గింది.

రాళ్లు నాలుగు వేశాను. అడుగున కాదు, ఇటుకల మీద. అడుగు బురదలో వేసిన మొదటి రోజు నల్లటి మురికి లేచి, కుళ్లిన గుడ్ల వాసన కొట్టింది. ఆ వాసన చేపలకి విషం. ఇటుక ఎత్తులో పెడితే బురద కదలదు, నీళ్లు మాత్రం కింద నుంచి పైకి తిరుగుతాయి. బుడగలోంచి కరిగే గాలి కన్నా, బుడగలతో పాటు నీళ్లు పైకి లేచి, పైన గాలికి తగిలి మళ్లీ కిందికి పోవడం వల్లనే ఎక్కువ మేలు. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి రెండు మూడు నెలలకి రాళ్ల రంధ్రాలు తెల్లగా పూడుకుపోతాయి. అప్పుడు పంపు మీద భారం పెరిగి మూలుగుతుంది. రాళ్లని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, మంచినీళ్లలో కడిగి వేస్తాను. రెండుసార్లు కడిగాక కొత్తవి కొనుక్కోవడం మేలు.

కరెంటు లెక్క చెప్పకపోతే మా ఆయన ఊరుకోడు. 35 వాట్లు రోజంతా నడిస్తే 0.84 యూనిట్, నెలకి పాతిక యూనిట్లు. నేను మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా నడుపుతాను, నెలకి పదిన్నర యూనిట్లు. మేఘాలు పట్టిన రోజు, నీళ్లు మరీ పచ్చబడ్డ రోజు ఆపను. టైమర్ ఒకటి పెట్టాను కానీ తీసేశాను. అది ముల్లు తిరిగే రకం, కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోతుంది. రెండు గంటలు పోతే రెండు గంటలు వెనకబడుతుంది. వారం తిరిగేసరికి అది మబ్బున మొదలై, మధ్యాహ్నం ఆగుతోంది.

ఆ డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మాకు వాన, ఈదురుగాలి. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద పంపు వేస్తే గట్టిగా బుర్రుమంది. మాది పాత రకం ఇన్వర్టర్, ఆ కరెంటు ఇలాంటి పంపులకి పడదు, ఇంకా వేడెక్కుతాయి. అందుకని గంట వేసి గంట ఆపాను. వాన చినుకులే నీళ్లని కదిలిస్తున్నాయి, చలికి నీళ్లు గాలిని బాగా పట్టుకుంటాయి, కాబట్టి పగలు భయం లేదు. రాత్రికి వాన తెరిపిచ్చాక నాకు టెన్షన్ పట్టుకుంది. రాలిన నిమ్మాకులన్నీ తొట్టిలోనే ఉన్నాయి. గంప పెట్టి తీయగలిగినన్ని తీశాం. మేత రెండు రోజులు పూర్తిగా ఆపేశాం, తిన్నది అరగడానికి కూడా చేపకి ప్రాణవాయువు కావాలి. ఇన్వర్టర్ కూడా ఆగిపోయాక, మబ్బున మూడింటి నుంచి నేనూ మా ఆయనా వంతులేసుకుని చెంబుతో నీళ్లు ముంచి, తల ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోశాం. నాన్న గొడుగు కింద టార్చి పట్టుకుని కూర్చున్నాడు. వెళ్లి పడుకోమంటే కదల్లేదు. తెల్లారేసరికి ఆ మిగిలిన రాగండి, దానికి తోడుగా తర్వాత వేసిన ఆరు పిల్లలూ కిందనే తిరుగుతున్నాయి. ఒక్కటీ పైకి తేలలేదు.

తర్వాత తమ్ముడు చార్జింగ్ పెట్టుకునే చిన్న పంపు ఒకటి తెచ్చాడు. కరెంటు పోగానే దానంతటదే మొదలవుతుంది. అది తొట్టి అడుగుదాకా గాలిని తోయలేదు కాబట్టి దాని రాయిని అడుగున్నర లోతులోనే వేలాడదీశాను. ఆ రాయి చుట్టూ మాత్రం గాలి ఉంటుంది, ఇబ్బంది వస్తే చేపలు అక్కడికి చేరతాయి.

మళ్లీ ఎండలు ముదురుతున్నాయి. రాగండి ఇప్పుడు నా మోచెయ్యంత ఉంది. నిన్న పంపు మూలుగు మారింది, రాళ్లు తీసి చూస్తే రెండు పూడుకుపోయాయి. రోహిణి కార్తె లోపల నాలుగూ మార్చేయాలి. శనివారం తమ్ముడు వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. డీవో మీటరు కూడా తెమ్మని నాన్న రెండుసార్లు ఫోన్ చేయించాడు.