బకాలా పుస్తకంలో మన పేజీ

కువైట్‌లో మొదటి నెల గడవడమే కష్టం. బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, రావాలి, దాంతో బ్యాంకు ఖాతా తెరవాలి, ఆ తర్వాతే జీతం పడేది. ఆ సందులో ఆదుకునేది వీధి చివరి బకాలా, అంటే మన చిల్లరంగడి. పేరు కూడా సరిగా తెలియని మనిషికి "బాద్ మే దేనా భాయ్", అంటే తర్వాత ఇద్దువులే అని గుడ్లూ పాలూ చేతిలో పెట్టే అంగడాయన దాదాపు ప్రతి వీధిలోనూ ఉంటాడు. తిరుపతి, చిత్తూరు పక్కల నుంచి పోయేవాళ్లలో కొందరు మొహమాటంతో ఆ మాట పట్టించుకోక పస్తులుంటారు. కొందరు పట్టించుకుని పాడుచేస్తారు. రెండోదే ఎక్కువ.

పాడయ్యేది ఇట్లా. రూములో ఆరుగురుంటే ఆరుగురికీ కలిపి అంగడాయన అరువు పుస్తకంలో ఒకే పేజీ రాయిస్తారు, పైన ఫ్లాట్ నంబరు మాత్రమే ఉంటుంది. ఒకడు సెలవు పెట్టి ఊరికి పోతాడు, వాడి బాకీ మిగిలిన ఐదుగురి నెత్తిన పడుతుంది. కాబట్టి పేజీ మన పేరుతో వేరుగా ఉండాలి. సరుకు తీసుకున్న ప్రతిసారీ ఫోనులో ఆ పేజీ ఫొటో తీసుకోవాలి. సిగరెట్లు, ఫోన్ రీఛార్జి అరువు అడగకూడదు. వాటిలో ఆయనకు మిగిలేది నామమాత్రం, మన బాకీ మోయడం దండగే. జీతం ఆలస్యమైతే తప్పించుకు తిరగకుండా అంగట్లోకి పోయి ఒక్క దినారైనా కట్టి, మళ్లీ ఎప్పుడిస్తామో చెప్పాలి. ఆయన చూసేది మనిషి మొహం చూపిస్తున్నాడా లేదా అనే.

బకాలాలో ధర కొంచెం ఎక్కువే. అక్కడ రొట్టె, పాలు, గుడ్లు చాలు. మూడు పూటలా రూములోనే వండుకునే మనిషికి నెలకు బియ్యం 9 కిలోలు, బ్యాళ్లు కిలోన్నర, నూనె లీటరున్నర, ఎర్రగడ్డలు 4 కిలోలు సరిపోతాయి. ఇవి జమియాలో, అంటే కోఆపరేటివ్ సొసైటీలో, డబ్బులిచ్చి కొనాలి. ఎవరైనా తమ్వీన్ పాలపొడి, తమ్వీన్ బియ్యం చవగ్గా ఇస్తామంటే వద్దనాలి. అది కువైటీల రేషన్ సరుకు, బయట అమ్మడం నేరం.

కౌంటర్ దగ్గర డబ్బు చాలకపోవడానికి సగం కారణం అంకెలు. దినారుకు 1000 ఫిల్సులు కాబట్టి చుక్క తర్వాత మూడంకెలుంటాయి. 0.750 అంటే ముప్పావు దినారు, 0.075 అంటే అందులో పదో వంతు. ధర అరబ్బీ అంకెల్లో ఉంటే ఇంకా తిరకాసు: ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది, సున్నా ఉత్త చుక్క, ఆరు చూస్తే ఏడులా కనిపిస్తుంది. ఈ మూడూ ఊర్లోనే కాగితం మీద రాసి నేర్చుకుని పోతే చాలా పరువు మిగులుతుంది.

బిల్లు 3.150 అయ్యి చేతిలో మూడే ఉంటే, ఎర్రగడ్డల సంచి పక్కన పెట్టబోతుండగా వెనకున్న కువైటీ ఆయన చిల్లర కౌంటర్ మీద పెట్టి "మాఫీ ముష్కిల్", అంటే ఏం ఫర్వాలేదు, అనడం జరిగేదే, రంజాన్ నెలలో మరీ. "షుక్రన్" అని థాంక్స్ చెబితే చాలు. వెంటబడి తిరిగివ్వబోతే ఆయన నొచ్చుకుంటాడు. ఆ సాయంతో పాటు ఫోన్ నంబరు అడిగితే మాత్రం, ముఖ్యంగా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సంచి అక్కడే వదిలేసి రావడం మేలు.

ఊరి నుంచి తీసుకెళ్లేది సరిగా ఉంటే అరువు సగం తగ్గుతుంది. సంగటికి రాగిపిండి 3 కిలోలు, చింతపండు ఒక కిలో. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, ఉప్పు పొడిగా కొట్టుకుని పోతే, అక్కడ తెల్లగడ్డా చింతపండు పులుసూ కలిపితే ఊరిబిండి తయారు. గసగసాలు మాత్రం వద్దు, మసాలాపొడిలో కలిపినవి కూడా. గల్ఫ్‌లో వాటిని మత్తుమందు కింద చూస్తారు, ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. ఊరగాయ సీసా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి పెద్ద సూట్‌కేసులో వేయాలి. చేతిసంచిలో పెడితే చెన్నైలోనే తీసేయొచ్చు.

సెలవు మీద ఊరికి వచ్చేటప్పుడు టికెట్ తేదీకి వారం ముందే బకాలాకు పోయి లెక్క చూసుకుని, బాకీ కట్టి, మన పేజీ మీద ఆయన చేతే అడ్డగీత కొట్టించుకోవాలి. రూములోవాళ్లలో ఒకరిని పక్కన పెట్టుకుని.