అమ్మ రిపోర్టు, నా రిపోర్టు

కళ్లు పచ్చబడగానే గూడెంలో అందరూ ఒకటే చెప్పారు: కామెర్లు, పసరు తాగితే పోతాయి. నెల రోజులు తాగాను. నీరసం పెరిగింది, అన్నం వాసనకే కడుపు తిప్పేది. చివరికి అన్నయ్య బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ అనే ఎంజైము 600 దాటింది. కాలేయానికి పట్టే వైరస్, హెపటైటిస్ బి పాజిటివ్.

కాగితం చూసిన ఒకాయన "ఎక్కడెక్కడ తిరిగావు?" అన్నాడు. జబ్బుకన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. ఇంట్లో నా కంచం వేరైపోయింది.

డాక్టరమ్మ ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించారు. అమ్మకీ, అక్కకీ పాజిటివ్. ఆ రోజు నుంచి అమ్మ తన కంచం కూడా నా కంచం పక్కకు చేర్చింది. కలిసి తింటే అంటదని డాక్టరమ్మ ఎంత చెప్పినా వినలేదు. పుట్టుకతో సోకితే 100 మందిలో 90 మందికి ఒంట్లోనే ఉండిపోతుందట. పెద్దయ్యాక సోకితే చాలామందికి ఆరు నెలల్లోనే పోతుంది.

వైరస్ రకం కూడా చూశారు. ఏ నుంచి జె దాకా పది జీనోటైపులున్నాయి. మన దేశంలో డి ఎక్కువ, ఏ, సి కూడా కనిపిస్తాయి. అమ్మదీ నాదీ డి. "డి చాలామందిలో ఉండేదే, అంతమాత్రాన అమ్మ నుంచే వచ్చిందని తేల్చలేం" అన్నారు డాక్టరమ్మ. అమ్మ మాత్రం తనే అంటించానని కుమిలిపోయింది.

నాకు కోపం వచ్చింది వేరే సంగతికి. ఈ వైరస్ ఆనవాలును అమెరికా శాస్త్రవేత్త బ్లంబర్గ్ 1960లలో గుర్తించింది ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో. టీకాకు దారి దొరికింది అక్కడే. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన దేశమంతటా పసిపిల్లల టీకాల్లో అది చేరేసరికి 2011 అయింది. నేను అప్పటికే బడికి పోతున్నాను. ఇందులో మా అమ్మ తప్పేముంది?

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టెనోఫోవిర్ మాత్ర, వైరస్‌ను అణిచే మందు, రోజుకొకటి వేసుకున్నాను. ఏ జీనోటైపు మీదైనా అది పనిచేస్తుంది. ఆరు నెలలకు ఎంజైములు దిగాయి, ఏడాదిన్నరకు రక్తంలో వైరస్ దొరకలేదు. అయినా సొంతంగా మానేయకూడదు, మానితే మళ్లీ లేస్తుంది. ఇప్పుడు ఆరు నెలలకోసారి స్కాన్.

అక్కకు ఆసుపత్రిలోనే కాన్పు చేయించాం. పుట్టిన కొన్ని గంటల్లోనే బాబుకు టీకా, వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్ (ఇమ్యునోగ్లోబులిన్) రెండూ వేశారు. మిగతా డోసులూ తప్పనివ్వలేదు. అమ్మ వాణ్ని ఎత్తుకునేది గానీ ముఖం దూరంగా పెట్టుకునేది. ఏడాది నిండాక పరీక్షలో నెగెటివ్ వచ్చింది. ఆ సాయంత్రం మనవడికి మొదటిసారి ముద్దు పెట్టింది.